73 మిల్లీగ్రాముల తుత్తునాగం

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పే మాబోటి వాళ్ల దగ్గర, ఎవరు తయారు చేశారో ఎవరికీ గుర్తులేని ప్రశ్నల కట్ట ఒకటి ఏళ్ల తరబడి చేతులు మారుతూ ఉంటుంది. అందులో అతివాహకత (బాగా చల్లబరిచినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమయ్యే గుణం) పాఠం కింద ఒక మార్కు ప్రశ్న ఉంది: అతివాహకతను దెబ్బతీసే మలినాలు ఏవి? జవాబు: అయస్కాంత మలినాలు. ఈ జవాబును నేను కూడా చాలా ఏళ్లు నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి మరీ చెప్పాను. పుట్టిన చోట అది అక్షరాలా నిజం. కానీ 1986 తర్వాత వచ్చిన రాగి ఆక్సైడ్ అతివాహకాల మీదికి తెచ్చి పెడితే దాదాపు తలకిందులవుతుంది. మలినం అయస్కాంతమా కాదా అన్నది ఈ పదార్థాల విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్నే కాదనీ, అది ఏ అరలో కూర్చుంది, అక్కడ ఎవరి జతను విడదీసింది అన్నదే అసలు ప్రశ్న అనీ నా వాదన.

ముందు ఆ జవాబు ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1958లో మత్తయాస్, సూల్, కోరెన్‌జ్విట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు లాంథనం లోహంలో అరుదైన మృత్తిక లోహాలను ఒక్కొక్కటిగా ఒక శాతం మోతాదులో కలిపి చూశారు. లాంథనం కొన్ని కెల్విన్ల దగ్గర (కెల్విన్లంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్ నుంచి లెక్కపెట్టే డిగ్రీలు) అతివాహకం అవుతుంది. గాడోలినియం కలిపినప్పుడు ఆ ఒక్క శాతంతోనే అతివాహకత దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. గాడోలినియం పరమాణువు లోపలి ఎఫ్-కక్ష్యలలో జతలేని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి, అంటే అది ఒక బలమైన చిన్న అయస్కాంతం. మరుసటి సంవత్సరం ఫిలిప్ ఆండర్సన్ దీనికి రెండో వైపు చూపించాడు: అయస్కాంతం కాని మలినాలు ఎలక్ట్రాన్లను ఎంత చెదరగొట్టినా మామూలు అతివాహకానికి పెద్దగా నష్టం లేదు. ఆ తర్వాత కొద్దికాలానికే అబ్రికోసోవ్, గోర్కోవ్ అయస్కాంత మలినాలు జతలను ఎలా విడగొడతాయో లెక్క కట్టి చూపారు. ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే దాని సహజ గుణాన్ని స్పిన్ అంటారు. అతివాహకంలో ఎలక్ట్రాన్లు ఎదురెదురు స్పిన్లతో జతకడతాయి. అయస్కాంత పరమాణువు ఒక స్పిన్‌ను ఒకలా, రెండోదాన్ని మరోలా లాగుతుంది కాబట్టి జత తెగుతుంది. ఇంత చక్కగా అమరిన కథ కాబట్టే అది ఒక మార్కు జవాబుగా గడ్డకట్టింది.

1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నోర్జ్, ముల్లర్ లాంథనం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన ఒక నల్లటి పింగాణీలో 30 కెల్విన్ల పైన అతివాహకతను కనిపెట్టారు. మరుసటి సంవత్సరమే యిట్రియం, బేరియం, రాగి ఆక్సైడ్‌లో అది 90 కెల్విన్లు దాటింది. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ల దగ్గర మరుగుతుంది కనుక, అతివాహకత్వం మొదటిసారిగా జిల్లా కేంద్రాల ప్రయోగశాలలకు కూడా అందే దూరానికి వచ్చింది. ఈ పదార్థాలన్నింటిలో ఉమ్మడిగా ఉన్నది రాగి, ఆక్సిజన్ పరమాణువులు గళ్లుగళ్లుగా అల్లుకున్న పలుచటి తలం. మిగతా పరమాణువులన్నీ ఆ తలాల మధ్య అరలలో కూర్చుంటాయి. తలంలోని ప్రతి రాగి అయానులోనూ తొమ్మిది డి-ఎలక్ట్రాన్లు (డి అనే కక్ష్యలలో ఉండేవి) ఉంటాయి, వాటిలో ఒకదానికి జత లేదు. అంటే ప్రతి గడి మూలలోనూ ఒక స్పిన్ నిలబడి ఉంటుంది. లాంథనం రాగి ఆక్సైడ్‌లో ఏమీ కలపకపోతే ఆ స్పిన్లు ఒకటి పైకి, పక్కది కిందికి చొప్పున చదరంగపు బల్లలా అమరుతాయి. సుమారు 325 కెల్విన్ల వరకు, అంటే మా ఊరి మే నెల మిట్టమధ్యాహ్నం కన్నా వేడిలో కూడా, ఆ అమరిక చెదరదు. ఆ స్థితిలో అది యాంటీఫెర్రో అయస్కాంతం, పైగా విద్యుత్తును పారనివ్వని బంధకం.

విద్యార్థులకు ఇది చెప్పడానికి నేను కోలాటాన్ని అరువు తెచ్చుకుంటాను. చిన్నప్పుడు మా ఊళ్లో శ్రీరామనవమి రాత్రి రామాలయం ముందు కోలాటం వేసేవాళ్లు. ఒకసారి ఆట మంచి ఊపులో ఉండగా, వాళ్లమ్మ కేకేసిందని ఒక పిల్లవాడు కోలలు నడుముకు దోపుకుని వరసలోంచి వెళ్లిపోయాడు. అంతవరకు ఎవరు ఎవరితో కోల కలుపుతున్నారో చూసేవాళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. చప్పుడు ఒక్కటే వినిపించేది. వాడు పోగానే, వాడికి అటూ ఇటూ ఉన్నవాళ్ల కోలలు గాలిలో ఊగాయి. గురువు కళ్లు, జనం కళ్లు అన్నీ అక్కడికే పోయాయి. లేనివాడు కనిపించలేదు; వాడి పక్కవాళ్లు కనిపించారు. పక్కవాడు తడబడితే వాడి పక్కవాడూ కొంచెం తడబడ్డాడు, నాలుగైదు మనుషుల దూరం పోయాక ఆట మళ్లీ సర్దుకుంది. రాగి తలంలో జరిగేదానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు దొరకలేదు. కోలాటంలో మనుషులు కదులుతారు, రాగి అయాన్లు కదలవు; ఆ మేరకు ఇది పోలికే.

ఇప్పుడు మలినాల సంగతి. లాంథనం స్థానంలో కొంత స్ట్రాన్షియం పెడితే, అది రాగి తలంలోకి అడుగు పెట్టకుండా పక్క అరలోనే కూర్చుని, తలం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. తలంలో ఒక రంధ్రం ఏర్పడుతుంది, అది ముఖ్యంగా ఆక్సిజన్ల మీద ఉంటూ తిరుగుతుంది. స్ట్రాన్షియం సుమారు 2 శాతానికి, అంటే నూరు రాగి పరమాణువులకు రెండు చొప్పున, చేరేసరికే 325 కెల్విన్ల ఆ గట్టి అయస్కాంత అమరిక కూలిపోతుంది. 5, 6 శాతం దగ్గర అతివాహకత తలెత్తుతుంది. 15, 16 శాతం దగ్గర 38 కెల్విన్ల శిఖరానికి చేరి, ఆ తర్వాత మళ్లీ దిగిపోతుంది. ఇలా కలపడాన్ని మన పాఠ్యపుస్తకాలు మాదీకరణం అంటాయి. ఎవరికి మత్తెక్కుతుందో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పాలలో తోడు వేసినట్లు అని చెబితే వంటింట్లో ఉన్న ప్రతివారికీ తెలుస్తుంది. తోడు పెరుగుకు మలినం కాదు. అదే గిన్నెలో నిమ్మరసం పడితే పాలు విరుగుతాయి. రెండూ పులుపే, రెండూ కొంచెమే. మన భాష మాత్రం రెండింటినీ ఒకే మాటతో పిలవలేదు.

స్ట్రాన్షియం తోడు అయితే, జింక్ ఏమిటి? పాత తెలుగులో తుత్తునాగం అని పిలిచే ఈ లోహం నేరుగా రాగి స్థానంలోకే వచ్చి కూర్చుంటుంది. దాని అయానులో పది డి-ఎలక్ట్రాన్లు, అన్నీ జతకట్టినవి, స్పిన్ సున్నా. వరసలోంచి పిల్లవాడు వెళ్లిపోవడం అంటే ఇదే. అతివాహకత సంగతి పక్కన పెట్టి అయస్కాంత క్రమాన్ని ఒక్కదాన్నే చూస్తే, జింక్ చాలా మెత్తటి శత్రువు. గళ్ల అల్లికలో చోట్లను తోచినట్టు ఖాళీ చేస్తూ పోతే, ఒక అంచు నుంచి రెండో అంచుకు దారి తెగిపోవాలంటే సుమారు 41 శాతం చోట్లు ఖాళీ కావాలని గణితం చెబుతుంది. 2002లో మార్టిన్ గ్రెవెన్ బృందం లాంథనం రాగి ఆక్సైడ్‌లో జింక్, మెగ్నీషియం కలిపి న్యూట్రాన్లతో చూసినప్పుడు, అయస్కాంత క్రమం ఇంచుమించు ఆ హద్దు దాకా బతికే ఉంది. కదిలే రంధ్రాలకు 2 శాతం చాలింది. కదలని ఖాళీలకు 40 శాతం కావలసి వచ్చింది. కదిలే రంధ్రం తాను పోయిన చోటల్లా పైకి, కిందికి అన్న వరసను చెరిపేస్తూ పోతుంది. ఖాళీ మాత్రం ఉన్న చోటే ఉంటుంది, దాని చుట్టూ మిగతావాళ్లు వరస నిలబెట్టుకోగలరు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూశాక కూడా స్ట్రాన్షియాన్నీ జింక్‌నూ ఒకే ‘మలినం’ పద్దులో రాయడం నాకు సాధ్యం కాలేదు.

అతివాహకత దగ్గరికి వచ్చేసరికి ఈ మెత్తటి శత్రువే అందరికన్నా కఠినుడవుతాడు. దీన్ని పుస్తకంలో చదివిన తర్వాత కూడా నాకు నమ్మకం కుదరలేదు కనుక, ఒక వేసవిలో ఇద్దరు విద్యార్థులతో కలిసి నాలుగు బిళ్లలు కాల్చాం. యిట్రియం ఆక్సైడ్, బేరియం కార్బొనేట్, కాపర్ ఆక్సైడ్ కల్వంలో గంటల కొద్దీ నూరి, 900 డిగ్రీల సెల్సియస్ పైన కాల్చి, మళ్లీ నూరి, బిళ్ల కట్టి, మళ్లీ కాల్చి, చివరికి ఆక్సిజన్ పారుతుండగా నెమ్మదిగా చల్లార్చాలి. ఆ చల్లార్పులో తొందరపడితే బిళ్లలో ఆక్సిజన్ తగ్గి, జింక్ లేకపోయినా అతివాహకత చెడిపోతుంది. మొదటి విడత అలాగే పాడైంది. నడిరాత్రి కరెంటు పోయి కొలిమి తనంతట తానే చల్లారింది. అందుకే రెండో విడతలో నాలుగు బిళ్లలనూ ఒకే పళ్లెంలో, ఒకే రోజు కాల్చాం. ఒకటి శుద్ధమైనది. రెండోదానిలో నూరు రాగి పరమాణువులకు రెండు చొప్పున జింక్. 10 గ్రాముల బిళ్లకు అది 73 మిల్లీగ్రాముల జింక్ ఆక్సైడ్, మనం కూరలో వేసే చిటికెడు ఉప్పు కంటే బాగా తక్కువ. మూడోదానిలో అంతే నికెల్. నాలుగోదానిలో యిట్రియం పూర్తిగా తీసేసి, దాని చోట మొత్తం గాడోలినియం.

ద్రవ నైట్రోజన్ దొరకడం ఇక్కడ జనం అనుకునేంత కష్టం కాదు. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు మోటారు సైకిల్ వెనక కట్టుకుని ఊళ్లు తిరిగే ఆ అల్యూమినియం క్యాన్‌లో ఉండేది అదే. వాళ్లు నింపించుకునే చోటే అడిగి, డబ్బు కట్టి, మేమూ ఒక క్యాన్ తెచ్చుకున్నాం. థర్మోకోల్ గిన్నెలో బిళ్ల పెట్టి, నైట్రోజన్ పోసి, బుసబుస తగ్గాక, పైన చిన్న అయస్కాంతాన్ని పట్టకారుతో వదలాలి. బిళ్ల అతివాహకం అయి ఉంటే అయస్కాంతం దాని మీద గాలిలో తేలుతుంది. శుద్ధమైన బిళ్ల మీద అది తేలింది. నికెల్ బిళ్ల మీద కూడా తేలింది, కాస్త కిందుగా. గాడోలినియం బిళ్ల మీద శుద్ధమైనదాని మీద తేలినట్టే తేలింది. జింక్ బిళ్ల మీద మాత్రం టక్కుమని పడింది. ‘సార్, ఇది లేయడం లేదు సార్’ అంటూ మా పిల్లవాడు దాన్ని మళ్లీ ఎత్తి వదిలాడు, మళ్లీ పడింది. అది మా కొలిమి తప్పు కాదు. ఈ పదార్థంలో నూటికి ఒక రాగి చోట జింక్ చేరితే అతివాహక ఉష్ణోగ్రత సుమారు 10 నుంచి 12 కెల్విన్లు పడిపోతుందని ఎందరో కొలిచిన విషయమే. రెండు శాతానికి అది 92 నుంచి 70 దగ్గరికి దిగుతుంది. మా గిన్నెలో ఉన్నది 77.

ఆ నాలుగు బిళ్లలను ఒక మార్కు జవాబు పక్కన పెట్టి చూడండి. లాంథనం లోహంలో ఒక శాతంతో అతివాహకతను దాదాపు చంపేసిన గాడోలినియం, ఇక్కడ నూటికి నూరు పాళ్లు చేరినా ఉష్ణోగ్రత 90 కెల్విన్ల పైనే ఉంది. అది తన అయస్కాంత గుణాన్ని ఏమీ వదులుకోలేదు. 2 కెల్విన్ల దగ్గరికి చల్లారిస్తే గాడోలినియం స్పిన్లు తమలో తాము యాంటీఫెర్రో వరసలోకి వస్తాయి, పక్కనే ఉన్న తలంలో అతివాహకత అలాగే సాగుతూ ఉంటుంది. అది కూర్చున్న అర రెండు రాగి తలాల మధ్యది, దాని ఎఫ్-ఎలక్ట్రాన్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి కాబట్టి తలంలోని జతలను తాకవు. అదే అరలో ప్రేసియోడిమియం పెడితే మాత్రం అతివాహకత మాయమవుతుంది, ఎందుకంటే దాని ఎఫ్-ఎలక్ట్రాన్లు తలంలోని ఆక్సిజన్ల దాకా చెయ్యి చాచి రంధ్రాలను పట్టి కట్టేస్తాయి. ఇరుగు పొరుగుతో ఎలా ఉన్నారన్నదాన్ని బట్టి ఫలితం మారింది. అయస్కాంతమా కాదా అన్న గుర్తింపు కార్డు ఇక్కడ చెల్లలేదు.

జింక్ ఎందుకంత చేటు చేస్తుందన్నదానికి రెండు వివరణలున్నాయి. మొదటిది: ఈ పదార్థాలలో జతకు సంబంధించిన తరంగం అన్ని దిక్కులా ఒకే గుర్తుతో ఉండదు, గడుల ఒక అంచు వెంట కూడిక గుర్తు, దానికి లంబంగా తీసివేత గుర్తు. దీన్ని డి-తరంగ జత అంటారు. 1993, 1994 సంవత్సరాలలో వాన్ హార్లింగెన్ బృందం ఒక పక్క, త్సుయీ, కిర్ట్‌లీ మరో పక్క చేసిన ప్రయోగాలతో ఇది స్థిరపడింది. మామూలు అతివాహకంలో ఎలక్ట్రాన్‌ను ఎటు చెదరగొట్టినా అదే గుర్తు ఎదురవుతుంది, అందుకే ఆండర్సన్ చెప్పినట్టు నష్టం లేదు. డి-తరంగంలో కూడికలో ఉన్నదాన్ని తీసివేతలోకి నెడితే రెండూ కొట్టేసుకుంటాయి. అంటే స్పిన్ ఉన్నా లేకపోయినా, గట్టిగా చెదరగొట్టే పరమాణువు ఏదైనా ఇక్కడ శత్రువే.

రెండో వివరణ కోలాటానిది. 1991లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో అన్రీ అల్లూల్ బృందం జింక్ కలిపిన యిట్రియం పదార్థాన్ని అణు అయస్కాంత అనునాదంతో (పరమాణు కేంద్రకాల సంకేతాల ద్వారా వాటి చుట్టూ ఉన్న అయస్కాంతత్వాన్ని కొలిచే పద్ధతి) పరీక్షించి, స్పిన్ లేని జింక్ చుట్టూ అయస్కాంత స్పందన పుట్టుకొస్తుందని చూపింది. 1994లో అదే బృందంలో ఉన్న మన అవినాశ్ మహాజన్, జింక్‌కు దగ్గరగా ఉన్న యిట్రియం పరమాణువుల సంకేతాలను విడిగా పట్టుకుని, ఆ అయస్కాంతత్వం పక్కనున్న రాగి పరమాణువుల మీదే ఉందని తేల్చిన పరిశోధనకు ముందు నిలిచాడు. తర్వాత 1999లో జూలియన్ బోబ్రోఫ్ తదితరులు జింక్ బదులు లిథియం పెట్టారు. దానికీ స్పిన్ లేదు, పైగా దాని కేంద్రకం నుంచే అనునాద సంకేతాన్ని వినవచ్చు. వరసలోంచి వెళ్లిపోయిన పిల్లవాడే ఆ ఖాళీలో నిలబడి, చుట్టుపక్కల వాళ్లు ఎలా తడబడుతున్నారో చెప్పినట్టన్నమాట. చెప్పింది అదే కథ: రంధ్రాలు తక్కువగా ఉన్న పదార్థంలో చుట్టూ ఉన్న రాగి స్పిన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి వరసలో బయటపడతాయి, చల్లబరిచేకొద్దీ ఆ స్పందన పెరుగుతుంది. అయస్కాంతం కాని పరమాణువు అయస్కాంతత్వాన్ని పుట్టించింది. అంతకంటే సరిగ్గా చెప్పాలంటే, జతలలో దాగి ఉన్నదాన్ని బయటికి లాగింది.

ఈ రెండింటిలో ఏది నిజమని వాదించుకునేవాళ్లున్నారు. చెదరగొట్టడం ఒక్కటే లెక్క వేస్తే ఉష్ణోగ్రత పతనం సరిపోతుంది కదా, స్పిన్ల గొడవ ఎందుకని మొదటి పక్షం అంటుంది. ఆ లెక్కను నేను కాదనను. కానీ 2000లో బర్క్‌లీలోని సీమస్ డేవిస్ బృందం బిస్మత్ ఉన్న మరో రాగి ఆక్సైడ్ పదార్థంలో ఒక్కొక్క జింక్ పరమాణువు మీదికి సూదిమొన సూక్ష్మదర్శినిని తీసుకెళ్లినప్పుడు కనిపించిన బొమ్మ, ఆ మరుసటి ఏడాది నికెల్ మీద కనిపించిన బొమ్మ పక్కపక్కన పెడితే, స్పిన్లను వదిలి కథ చెప్పడం నాకు కష్టంగానే తోస్తుంది. జింక్ చుట్టూ నాలుగు రేకుల ముగ్గులా ఒక ఎలక్ట్రాన్ స్థితి కనిపించింది, అతివాహకపు శక్తి అంతరానికి (మామూలుగా ఎలక్ట్రాన్ స్థితులు ఉండని శక్తుల మేరకు) నట్టనడుమ, శూన్యానికి 1.5 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టుల దూరంలో. సుమారు 15 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) అతివాహకత ఆనవాళ్లు బాగా సన్నగిల్లాయి. నికెల్ దగ్గర, దాని స్పిన్ ఒకటి అయినా, ఆ పరమాణువు నెత్తిమీదే అతివాహకత నిలిచి ఉంది. నికెల్ వరసలోంచి పోలేదు. వేరే రంగు కోలలు పట్టుకున్న పిల్లవాడు అది, పక్కవాళ్లతో కోల కలుపుతూనే ఉంది. జతకట్టించే శక్తి స్పిన్ల మధ్యే ఉందనే వాదానికి ఈ తేడాను సాక్ష్యంగా చూపేవారున్నారు, నేనూ ఆ వైపే మొగ్గుతాను.

ఇక్కడ నాకు ఎదురుతగిలే సంగతి ఒకటి ఉంది, దాన్ని దాచి వాదించడం మర్యాద కాదు. స్ట్రాన్షియం కలిపిన లాంథనం పదార్థంలో నికెల్, జింక్ రెండూ ఇంచుమించు ఒకే తీరున అతివాహకతను తగ్గిస్తాయి. మా మూడో బిళ్ల చూపిన దయ అక్కడ కనిపించదు. నికెల్ అక్కడ ఒక రంధ్రాన్ని తనకు కట్టేసుకుంటుందని, అందువల్ల దాని స్పిన్ ఒకటిగా మిగలదని ఒక సమాధానం ఉంది. అది నిజమైతే నా వాదనకు బలమే. కానీ ఉష్ణోగ్రత పతనం ఒక్కటే చూసి నికెల్ మంచిది, జింక్ చెడ్డది అని తీర్పు చెప్పేవాళ్లకు లాంథనం పదార్థం ఒక హెచ్చరిక. అన్ని రాగి ఆక్సైడ్లనూ ఒకే గాటన కట్టి మాట్లాడే అలవాటు నాకూ ఉంది, దాన్ని మానుకోవాలని చాలాసార్లు అనుకున్నాను.

ఆ 15 ఆంగ్‌స్ట్రామ్‌ల అంకెతో ఒక చిన్న లెక్క వేయవచ్చు. రాగి నుంచి రాగికి దూరం 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. 15 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే అందులో దాదాపు 49 రాగి చోట్లు పడతాయి. రెండు శాతం జింక్ అంటే 50 చోట్లకు ఒకటి. బిస్మత్ పదార్థపు కొలతను మా యిట్రియం బిళ్లకు అంటగట్టడం ఉజ్జాయింపే అయినా, చిటికెడు కూడా లేని ఆ పొడి తలాన్నంతటినీ ఇంచుమించు ఎలా ముట్టుకోగలిగిందో దీనివల్ల అర్థమవుతుంది. 1996లో మ్యూయాన్లతో (ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువుల్లాంటి కణాలు) చేసిన ఒక అధ్యయనం ఇదే సంగతిని ఇంకో దారిలో చెప్పింది: ప్రతి జింక్ తన చుట్టూ కొంత మేర అతివాహకతను తొలగిస్తుంది, మిగిలిన చోట అది మామూలుగానే ఉంటుంది. దానికి వాళ్లు చిల్లుల జున్ను పేరు పెట్టారు. మా ఇళ్లలో అలాంటి జున్ను లేదు కాబట్టి నేను పెనం మీది దోసె అంటాను; చిల్లులు ఎక్కువైతే అట్లకాడకు దోసె ఒక్క ముక్కగా లేవదు.

ఆ చిల్లులలో ఏముందన్నది మరింత ఆసక్తికరం. లాంథనం, బేరియం పదార్థంలో రంధ్రాల మోతాదు సరిగ్గా ఎనిమిదో వంతుకు చేరినప్పుడు అతివాహకత అకస్మాత్తుగా కుంగిపోతుంది. 1995లో ట్రాంక్వాడా బృందం నియోడిమియం కలిపిన ఒక దగ్గరి బంధువులో అదే మోతాదు దగ్గర రంధ్రాలూ స్పిన్లూ చారలు చారలుగా విడిపోయి నిలిచిపోవడాన్ని న్యూట్రాన్లతో చూపింది. మామూలుగా ఆ చారలు కదులుతూ ఉంటాయని, జింక్ వాటికి మేకు కొట్టినట్టు నిలబెడుతుందని చాలామంది అనుకుంటారు. జింక్ ఉన్న చోట స్పిన్ల కదలిక మందగించడం మాత్రం కొలతలలో కనిపించిన విషయమే. అంటే అతివాహకత పక్కకు జరిగిన చోట ఉత్త శూన్యం మిగలడం లేదు. దానితో పోటీ పడుతున్న అయస్కాంత క్రమం పైకి వస్తోంది. ఈ పదార్థాలలో ఎలక్ట్రాన్లు ఎలా జతకడతాయన్నదానికి అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇంతవరకు లేదు. ఉన్నవాటిలో దేనినైనా ముందుగా ఈ తుత్తునాగం మీద గీటు పెట్టి చూడాలంటాను.

ఆ నాలుగు బిళ్లలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో సిలికాజెల్ పొట్లంతో పాటు ఒక డబ్బాలో ఉన్నాయి. తేమ తగిలిన అంచుల వెంట బేరియం కార్బొనేట్ తెల్లగా పూస్తోంది. ఆ రోజు సాయంత్రం క్యాన్ మూత బిగిస్తూ మా పిల్లవాడు అడిగాడు: ‘మరి పరీక్షలో ఏం రాయమంటారు సార్? పేపరు దిద్దేవాళ్ల దగ్గర పాత జవాబే ఉంటుంది కదా సార్.’ పాత జవాబే రాయమన్నాను. దానికి ముందు ‘లాంథనం వంటి మామూలు లోహ అతివాహకాలలో’ అన్న ఐదు మాటలు చేర్చమన్నాను. మార్కు ఒకటే కాబట్టి సగానికి సగం కోసే వీలు కూడా ఉండదన్నాను. వాడు నవ్వి, జింక్ బిళ్ల మీద పడి ఉన్న అయస్కాంతాన్ని పట్టకారుతో తీసి జేబులో వేసుకున్నాడు.